మంచం కింద మూటలు

భుజం ఆనించి ఎంత నెట్టినా బీరువా తలుపు మూసుకోలేదు. భవాని నాలుగడుగులు వెనక్కి వెళ్లి, పరుగున వచ్చి ఒక్క తోపు తోసింది. తలుపు మూసుకోలేదు సరికదా, పై అరలోంచి బూట్ల డబ్బా జారి నెత్తిమీద పడింది. దాని వెనకే రెండు బొమ్మలు, ఒక గొడుగు, ఉన్ని కోటు వరసగా దిగాయి.

ఉన్ని కోటు ఎందుకని అడక్కండి. ముమ్మిడివరం దగ్గర భవాని వాళ్ల పల్లెలో అలాంటి కోటు వేసుకునేంత చలి ఎప్పుడూ పడలేదు. అమ్మ పంపింది కాబట్టి అది బీరువాలో ఉంది, అంతే.

భవాని ఆరో తరగతి చదువుతోంది. వాళ్లమ్మ విజయ కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తుంది. ఆ ఇంటి పిల్లలు బట్టలు ఒకటి రెండుసార్లు వేసుకుని పక్కన పడేస్తారు. కొన్నిటికి ధర చీటీ కూడా ఊడదు. అమ్మ వాటిని పోగుచేసి, సబ్బులు, చాక్లెట్లు, ఖర్జూరాలు కలిపి పెద్ద అట్టపెట్టెలో సర్ది కార్గోలో పంపుతుంది. ఊళ్లో అందరూ దాన్ని కార్టన్ అంటారు.

అమ్మ వెళ్లేటప్పటికి భవాని రెండో తరగతి. అమ్మ మనసులో ఇప్పటికీ అంతే ఉన్నట్టుంది. అందుకే వచ్చిన గౌన్లలో సగం పొట్టి, బూట్లలో సగం బిగుతు. అయినా ఇంట్లోంచి ఒక్కటీ బయటికి పోయేది కాదు. ఉన్న ఒక్క వీపుకి నాలుగు స్కూలు బ్యాగులు. చేతులూడిన బొమ్మలు, ఆగిపోయిన గడియారాలు, మూతల్లేని సీసాలు, అన్నీ ఆ బీరువాలోనే.

దానికో కారణం ఉంది. భవాని ఎవరికీ చెప్పలేదు. కార్టన్ విప్పగానే సబ్బూ అత్తరూ కలిసిన ఒక వాసన వస్తుంది. అది అమ్మ వాసనని భవాని నమ్మకం. ఫోన్లో అమ్మ మొహం కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది. వాసన మాత్రం బీరువాలోనే దొరుకుతుంది. ఒక్క గౌను ఇచ్చేసినా అంత మేర అమ్మ తగ్గిపోతుందని అనుకునేది.

డబ్బా పడిన చప్పుడికి నాయనమ్మ వచ్చింది. నాయనమ్మ పేరు వీరాయమ్మ. కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీసి చీపుళ్లు కట్టి అమ్ముతుంది. చేతిలో చాకు అలాగే ఉంది. నేలమీద పడినవి చూసింది, బీరువాలో ఉన్నవి చూసింది.

"నువ్వు ఎదిగేవు. గుడ్డలు ఎదగవు కదే. నీకు పట్టనివన్నీ తీసి గంగబాబు పిల్లలకిచ్చెయ్. సాయంత్రానికల్లా ఈ తలుపు పడాలి" అంది.

గంగబాబు పక్కింటాయన. ఆటో నడుపుతాడు. ఆయన కూతుళ్లిద్దరూ భవాని కంటే చిన్నవాళ్లు. భవాని సరేనంది. సరే అనడానికేముంది, నోరు నొప్పెట్టదు కదా.

నాయనమ్మ పెరట్లోకి వెళ్లగానే భవాని పని మొదలుపెట్టింది. నాలుగు పాత చీరలు పరిచింది. పొట్టి గౌన్లు, బిగుతు బూట్లు, బొమ్మలు, దాచుకున్న చాక్లెట్లు, విప్పి సగం తిన్న ఖర్జూరం ప్యాకెట్లు, అన్నీ కలిపి మూటలు కట్టింది. ఆ మూటల్ని నాయనమ్మ మంచం కిందికి, గోడవారకి తోసేసింది. వానకి తడవకుండా నాయనమ్మ దాచుకునే చీపురు కట్టల్ని వాటికి అడ్డంగా పెట్టింది.

సాయంత్రం బీరువా తలుపు ఒక్క వేలితో పడింది. తీసినవన్నీ ఎక్కడున్నాయని నాయనమ్మ అడిగితే, స్కూల్లో టీచర్ గారు పాతబట్టలు పోగుచేస్తున్నారనీ, అన్నీ బ్యాగుల్లో పెట్టాననీ, రేపు పట్టుకెళ్లి ఇచ్చేస్తాననీ చెప్పింది. నాయనమ్మ నమ్మింది. బుద్ధిమంతురాలివని మెచ్చుకుని డబ్బాలోంచి సున్నుండ తీసి చేతిలో పెట్టింది. భవాని దాన్ని నాయనమ్మ కళ్లలోకి చూడకుండా తినేసింది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. కొబ్బరితోటల్లో నీళ్లు నిలిచాయి. బొరియల్లో ఉండే జీవాలన్నీ పొడినేల వెతుక్కుంటూ ఇళ్లవైపు వచ్చాయి. మంచం కింద ఏదో గీరుతున్న చప్పుడు మొదలైంది.

నాయనమ్మకి చెవులు చురుకు. ఎలుకలు చేరినట్టున్నాయని అనుమానపడింది.

"మంచం కింద ఏవన్నా పెట్టేవా, భవానీ?"

"లేదు నాయనమ్మా. నీ చీపుళ్లే."

చెప్పెయ్యడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. భవానికి ఆ సంగతి తెలుసు కూడా. కానీ చెబితే మూటలు పోతాయి. నోరు మూసుకుని హోంవర్కు చేసుకుంది.

మర్నాడు పొద్దున్న చీపుళ్లు కొనేవాడు వచ్చి వీధిలో సైకిల్ ఆపాడు. భవాని స్కూలుకి తయారవుతోంది. నాయనమ్మ మోకాళ్లమీద కూర్చుని, కట్టలు లాగడానికి మంచం కిందికి చెయ్యి పెట్టింది. "అబ్బా" అని చిన్నగా అంది. ఈనె గుచ్చుకుందనుకుంది భవాని.

నాయనమ్మ చెయ్యి బయటికి తీసి చూసుకుంది. చూపుడు వేలి మొదట్లో రెండు రక్తపు చుక్కలున్నాయి. అప్పుడే గోడవారన, మూటల సందులోంచి తాచుపాము తోక పాకుతూ వెళ్లడం భవాని చూసింది. ఎలుకల కోసం అది ఎప్పుడు వచ్చి చేరిందో ఎవరికి తెలుసు.

భవాని బ్యాగు అక్కడే పడేసింది. పక్కింటికి పరిగెత్తింది.

గంగబాబు ఒక్క ఉదుటున వచ్చాడు. చీపుళ్లాయన తాడు తెచ్చి గట్టిగా కట్టేద్దామంటే, కట్టొద్దు, కొయ్యొద్దు అన్నాడు. నాయనమ్మ లేవబోతే ఆపాడు.

"నడవకండి పిన్నిగారూ. చెయ్యి కదపకండి. నేను తీసుకెళ్తానండి."

రెండు చేతులమీద ఎత్తుకెళ్లి ఆటోలో కూర్చోబెట్టాడు. ఎవరో మంత్రం వేసే ఆయన పేరు చెప్పారు. గంగబాబు వినిపించుకోలేదు. నేరుగా అమలాపురం ఆసుపత్రికి పోనిచ్చాడు.

దారంతా నాయనమ్మ తల భవాని భుజంమీదే ఉంది. చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. కాసేపటికి కనురెప్పలు వాటంతటవే వాలిపోసాగాయి. నిద్రపోవద్దు నాయనమ్మా అని భవాని పిలుస్తూనే ఉంది. నాయనమ్మ ఏదో చెప్పబోయింది. మాట ముద్దగా వచ్చింది, ఒక్కటీ అర్థం కాలేదు. అన్నీ ఇచ్చేస్తాను, బీరువా మొత్తం ఇచ్చేస్తాను, నాయనమ్మని ఉంచు చాలని భవాని తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంది.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు ఇచ్చారు. ఊపిరి అందడం లేదని లోపలికి తీసుకెళ్లి మిషన్ పెట్టారు. రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే నాన్న లోవరాజు మోకాళ్ల దాకా బురదతో అలాగే వచ్చాడు. గోడకి ఆనుకుని నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. నాన్న ఏడవడం భవాని ఎప్పుడూ చూడలేదు. చూడ్డానికి భయమేసింది.

చూడవచ్చిన వాళ్లందరూ తలో మాటా అన్నారు. వానాకాలం, పాములు రావడం మామూలేనన్నారు. పక్కతోటాయన తుప్పలు కొట్టించలేదని తిట్టారు. భవానిని మాత్రం ఒక్కరూ ఏమీ అనలేదు. పైగా, పిల్ల వెంటనే పరిగెత్తి పిలుచుకొచ్చింది కాబట్టి సరిపోయిందని మెచ్చుకున్నారు. ఆ మెప్పు వినలేక భవాని అక్కణ్ణించి లేచిపోయింది.

నాయనమ్మ బతికింది. కానీ విషం ఎక్కిన చోట కండ నల్లబడిపోయింది. కుడిచేతి చూపుడు వేలు తీసెయ్యాల్సి వచ్చింది. ఆ వేలూ బొటనవేలూ కలిస్తేనే చాకు పట్టు కుదురుతుంది, ఈనె తెగుతుంది. ఇక చీపుళ్లు కట్టడం కుదరదని నాయనమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని దానివైపే చూస్తూ ఉండేది.

ఒక మధ్యాహ్నం నాన్న మందులు తేవడానికి వెళ్లాడు. భవాని ఆసుపత్రి మంచం పక్కన నిలబడింది.

"మంచం కింద మూటలు పెట్టింది నేనే నాయనమ్మా. స్కూల్లో ఇవ్వలేదు. నువ్వడిగినప్పుడూ అబద్ధం చెప్పేను."

నాయనమ్మ భవానిని చూసింది. మొహం గోడవైపు తిప్పుకుంది.

తిట్టి ఉంటే బాగుండునని భవానికి అనిపించింది. అలాగే నిలబడింది. పక్క మంచం వాళ్లు క్యారేజీ విప్పుకుని తిన్నారు, గిన్నెలు కడుక్కొచ్చారు. అప్పటిదాకా నాయనమ్మ ఇటు తిరగలేదు. తర్వాత, మొహం అటే ఉంచి, అన్నం తిన్నావా అని అడిగింది. భవాని అప్పుడు ఏడ్చింది.

నాన్నకి కూడా తనే చెప్పింది. నాన్న చెయ్యి లేపి, కొట్టకుండానే దించేశాడు. ఇంటికొచ్చి గంగబాబుని పిలిచి, ఇద్దరూ కర్రలతో మూటలు బయటికి లాగారు. పాము ఎప్పుడో వెళ్లిపోయింది. కిందటి కార్టన్లో అమ్మ పంపిన నీలం గౌను మడతలో కళ్లు తెరవని ఎలుక పిల్లలున్నాయి. మిగతావన్నీ చిల్లులే. భవాని ఒక గౌను దగ్గరికి తీసుకుని వాసన చూసింది. ఎలుకల కంపు తప్ప ఏమీ లేదు.

నాన్న ఆ మూటల్ని పెరట్లో కుప్పపోసి కాల్చేశాడు. వానలకి చెమ్మెక్కిన బట్టలు, చాలాసేపు పొగ వచ్చింది. ఎవరికైనా పనికొచ్చేవే, ఎవరికీ కాకుండా పోయాయి. కాలడం పూర్తయ్యేదాకా భవాని అక్కడే నిలబడింది.

మొక్కుకున్నానని మర్చిపోలేదు. బీరువాలో మిగిలినవన్నీ తనే దించింది. ఒక్కొక్కటీ వేసుకుని చూసింది. పట్టనివి ఉతికి, ఆరేసి, మడతపెట్టి గంగబాబు ఇంటికి పట్టుకెళ్లింది. ఆయన చిన్న కూతురు అప్పటికప్పుడే ఎర్ర గౌను వేసుకుని గిర్రున తిరిగింది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం భవానికి దాన్ని వెనక్కి అడిగేద్దామనిపించింది. అడగలేదు. వచ్చేసింది.

నాయనమ్మ ఇంటికొచ్చాక వచ్చిన శుక్రవారం అమ్మ వీడియో కాల్ చేసింది. నాయనమ్మ చెయ్యి చూసి, సెలవివ్వలేదని, రాలేకపోయానని మళ్లీ ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, కొత్త కార్టన్ సర్దుతున్నాననీ, ఏం కావాలో చెప్పమనీ అడిగింది.

"కార్టన్ వద్దమ్మా" అంది భవాని.

రాలేదని కూతురికి కోపమొచ్చిందనుకుంది అమ్మ. అప్పుడు భవాని మూటల సంగతి, ఎలుకల సంగతి, వాసన సంగతి, తను చెప్పిన అబద్ధాలు, ఏదీ దాచకుండా చెప్పింది.

"నేను పంపగలిగేది అదొక్కటే కదమ్మా" అంది అమ్మ. "ఇంకేం పంపను మరి?"

భవాని ఫోన్ పట్టుకుని చుట్టూ చూసింది. గుమ్మంలో నాయనమ్మ ఎడంచేత్తో జుట్టు పోగుచేసుకుంటోంది. ముడి వెయ్యడానికి రెండో చెయ్యి సాయం రావడం లేదు. జుట్టు జారి మొహంమీద పడుతోంది.

భవాని ఫోన్‌ని గుమ్మం పక్కన స్టూలు మీద, చెంబుకి ఆనించి నిలబెట్టింది. దువ్వెన తెచ్చి నాయనమ్మ వెనక కూర్చుంది.

"నాయనమ్మకి ముడెయ్యడం నాకు రాదమ్మా. ఎలాగో చెప్పు."

అమ్మ ఫోన్‌ని దగ్గరికి తెచ్చుకుంది. ముందు చివర్ల చిక్కు తియ్యమంది. తర్వాత మెడ దగ్గర గట్టిగా పట్టుకుని, మెలిపెట్టి, చుట్టూ తిప్పమంది. నొప్పి పుడుతోందని నాయనమ్మ విసుక్కుంది. ఇంకాస్త పైకి, ఇంకాస్త గట్టిగా అని అమ్మ చెబుతూనే ఉంది. చెబుతుండగానే ఆ ఇంట్లో ఎవరో పిలిచారు. అమ్మ అటు చూసి, మళ్లీ ఇటు చూసి, రేపు మళ్లీ చేస్తానంది. కాల్ ఆగిపోయింది.

ముడి సగంలో జారిపోయింది. నాయనమ్మ కదలకుండా కూర్చునే ఉంది. భవాని మళ్లీ చివర్ల నుంచి చిక్కు తియ్యడం మొదలుపెట్టింది.