ఒరిన్ పెళ్లిపెట్టె

ఏటి ఒడ్డున గెంపచి పనిపాక ఉంది. పొద్దు గూకితే అటు ఎవరూ పోరు. లోపల సొరుగులు వాటంతటవే తెరుచుకుంటాయట... మూసుకుంటాయట.

గెంపచి చెక్కపెట్టెల పనివాడు. చెల్లెలు ఒరిన్ పుట్టిన నాడు నాటిన చెట్టునే కొట్టించి, ఆమె పెళ్లికి చిన్న సొరుగుల పెట్టె చేస్తూ చేస్తూ, ఆ పాకలోనే ఉలిపోటుకి పోయాడు. దారినపోయే దొంగ పని అన్నారు.

దొంగా లేదు, గింగా లేదు. పొడిచింది కలప మోసే కూలి తొరాకిచి. ఒరిన్‌ని ఇమ్మని అడిగితే, "తాగుబోతుకి నా పెట్టే ఇవ్వను, చెల్లెల్నిస్తానా?" అన్నాడు గెంపచి. అంతే, అతని ఉలే అతని మెడలో దిగింది. బయట అడుగుల చప్పుడైతే, ఉలిని తన తలగుడ్డలో చుట్టి ఏదో సొరుగులోకి తోసి పారిపోయాడు.

నలభైతొమ్మిది రోజుల మైల తీరేదాకా ఆ పెట్టెని ఎవరూ ముట్టలేదు. రేపు ఒరిన్ పెట్టె కోసం వస్తోంది. ఆ తలగుడ్డ ఎవరిదో ఊరందరికీ తెలుసు. దొరికితే తొరాకిచి తల ఎగిరిపోతుంది.

మంచు కురుస్తుండగా, మునిమాపు వేళ, గొడ్డలి పట్టుకుని పాకలో దూరాడు.

పై సొరుగు లాగాడు — ఖాళీ. విసురుగా మూశాడు.

కింది సొరుగు మెల్లగా... దానంతట అదే బయటికొచ్చింది.

దాన్ని కాలితో తన్నాడు. నడిమి సొరుగు వచ్చింది. అందులో తలగుడ్డ, నల్లగా ఎండిన నెత్తురు. ఎవరో తీసి అందించినట్టే ఉంది.

"ఒకసారి పొడిస్తే చాల్లేదట్రా గెంపచీ?" గొడ్డలెత్తాడు. నరికాడు... అదే మాట అరుస్తూ నరుకుతూనే ఉన్నాడు. జారిన దెబ్బ అతని పాదాన్నే చీల్చింది. అయినా ఆగలేదు.

ఆ కేకలకి ఊరంతా పరుగెత్తుకొచ్చింది. మాటలు విన్నారు, గుడ్డ చూశారు. కర్రలతో చావబాది కట్టేశారు.

గెంపచికి పని నేర్పిన మొసుకే తాత తొరాకిచి పక్కన చతికిలబడ్డాడు. "దెయ్యమేంట్రా పిచ్చోడా. సొరుగులు సందు లేకుండా అమిరితే, ఒకటి మూసినప్పుడు లోపలి గాలి ఇంకోదాన్ని తోస్తుంది. మంచి పనికి అదే గుర్తు."

ఉత్త గాలికి భయపడి ప్రాణం మీదికి తెచ్చుకున్నానని తొరాకిచి భోరున ఏడ్చాడు.

ఒరిన్ మాత్రం, గోడకి ఆనించి ఉన్న చెక్కపలక తీసి వెలుగులో తిప్పి చూస్తోంది. గొడ్డలి గాటు లేదు. మేకు రంధ్రం లేదు.

"తాతా," అంది గుసగుసగా, "ఇది పెట్టె వెనక పలక. అన్నయ్య ఇంకా బిగించనేలేదు... గాలి ఎక్కడ నిలుస్తుంది?"