దశమి అన్నాడు

మండపేటలో మా అన్నయ్య వాసుదేవ సిద్ధాంతి పంచాంగం చూడందే ఎవరూ ముహూర్తం పెట్టుకోరు. నేను విజయనగరంలో రైల్వే గుమాస్తాని. తిథులంటారా, అన్నయ్య చెబితే తలూపడమే నా పని.

నాన్న పోయినప్పుడూ అంతే. ఆ తెల్లవారుజామున నాలుగింటికి నవమి వెళ్ళి దశమి వచ్చింది. ప్రాణం పోయిన ఘడియలో ఏ తిథి ఉంటే ఏటా ఆ తిథికే తద్దినం. తప్పితే పెట్టిన అన్నం పోయినవాళ్ళకి అందదంటారు. పొద్దు పొడుస్తుండగా తన ఒళ్ళోనే పోయారని అన్నయ్య కళ్ళొత్తుకుంటూ చెప్పాడు. దశమి అన్నాడు. నమ్మాను. పదకొండేళ్ళు ఏటా సెలవు పెట్టుకుని దశమికే వచ్చాను.

పన్నెండో ఏడు నాన్న స్థానంలో భోక్తగా రామశేషయ్యగారు కూర్చున్నారు. నాలుగు ముద్దలకే చెయ్యి కడిగేసుకునే బక్కమనిషి. బయట ఎండ మండిపోతోంది. వంటింట్లోంచి నువ్వుల వాసన, గారెల వాసన. భోక్త తినేటప్పుడు మాట్లాడకూడదు గనక ఇల్లంతా నిశ్శబ్దం, ఆయన నమిలే చప్పుడొక్కటే.

తింటూనే ఉన్నారు. గుండిగలో అన్నం అయిపోయింది. మళ్ళీ వండి వార్చారు. అదీ అయిపోయింది. పొట్ట మాత్రం వీపుకి అంటుకునే ఉంది... ఉన్నట్టుండి కర్పూర తైలం వాసన. నాన్న ఆఖరి రోజుల్లో కాళ్ళకి రాసిన తైలం.

తృప్తి అయిందా అని అన్నయ్య పంచపాత్ర పట్టుకుని అడిగాడు. అయిందనాలి. అనలేదు. మెల్లగా నావైపు తిరిగారు.

"చిన్నోడా..." నాన్న గొంతు. "నిన్న నాకు అన్నం పెట్టలేదేంరా?"

నిన్న నవమి.

అన్నయ్య చేతిలో పంచపాత్ర కింద పడింది.

"దాహమేసి పిలిచాను... తలుపు లాగాను... బయట గొళ్ళెం ఎవరు పెట్టారో వాణ్ణడుగు."

రామశేషయ్యగారు విస్తరి మీదికి ఒరిగిపోయారు. నీళ్ళు చల్లితే లేచి, ఇంకా వడ్డించలేదేమండీ, ఆకలేస్తోంది అన్నారు.

అన్నయ్యని వసారాలోకి లాక్కెళ్ళి నిలదీశాను. ముందు బుకాయించాడు. తర్వాత తల దించేశాడు.

"పేకాటకి వెళ్ళాన్రా. లేచి తిరుగుతూ పడిపోతారేమోనని గొళ్ళెం పెట్టాను. అయిదింటికి వచ్చేసరికి కొయ్యబారిపోయి ఉన్నారు. రాత్రంతా ఇంట్లో లేనని నలుగురికీ తెలుసు. అందుకని... నేనొచ్చాకే పోయారన్నాను."

ఊరందరికీ విఘడియ తేడా రాకుండా చెప్పే మనిషి. తోడబుట్టినవాణ్ణి, నాకు అబద్ధం చెప్పాడు. పదకొండేళ్ళు నాచేత నాన్నని పస్తుపెట్టించాడు. ఇక నీ మొహం నాకు చూపించకు అన్నాను.

అన్నయ్య నాన్న గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కాసేపటికి లోపల్నుంచి తలుపు లాగుతున్న చప్పుడు.

"ఒరే... గొళ్ళెం తియ్యరా... దాహంగా ఉంది..." అన్నయ్య గొంతు.

పరుగెత్తాను. భుజంతో తోశాను. తలుపు కదల్లేదు. గొళ్ళెం కోసం తడిమాను... లేదు. ఎప్పుడో పీకేసినట్టున్నారు. దాని చోట నాలుగు మేకుల బొక్కలు మాత్రం ఉన్నాయి.