తాళం వేసిన టిఫిన్ డబ్బా

ఆ మనిషి లోపలికి వస్తూనే కుర్చీ కోసం చూడలేదు, బాత్రూమ్ ఎక్కడని అడిగాడు. మాస్టారు వేలితో చూపించాక, ఆ తలుపు పక్కనున్న స్టూలు మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు.

"నాకు విషం పెడుతున్నారమ్మా. మూడు నెలలుగా, మెల్లమెల్లగా."

బల్ల వెనకున్న డిటెక్టివ్‌కి బోర్డు మీద పేరు వేరే ఉంది గానీ, కనపడ్డవాళ్ళనల్లా ఆరాలు తీస్తుందని జనం ఆవిడకు ఆరాలమ్మ అని పేరు పెట్టుకున్నారు. హోటళ్ళ వంటగదుల్లో శుభ్రత తనిఖీ చేసే ఉద్యోగం ముప్పయ్యేళ్ళు చేసి, రిటైరయ్యాక ఈ ఆఫీసు తెరిచింది. మాస్టారు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవారు. ఆవిడ పక్కన కూర్చుంటే తన బుర్ర కూడా పదునెక్కుతుందని ఆయన ఆశ. ఇంతవరకూ ఎక్కలేదు పాపం.

వచ్చినవాడు టవర్ క్రేన్ ఆపరేటర్. పొద్దున ఏడింటికి నిచ్చెన ఎక్కితే ఒంటిగంట దాకా దిగడానికి లేదు. పైన గాజు గది, ఒక సీటు, రెండు లివర్లు, అంతే. పదింటికి కింద సిగ్నల్ ఇచ్చే మనిషి టిఫిన్ డబ్బాను తాడుకు కడతాడు, ఇతను పైకి లాక్కుంటాడు. ఒక చేత్తో తినాలి గనక డబ్బాలో ఎప్పుడూ బ్రెడ్డూ గుడ్డే.

"తిన్న గంటకల్లా కడుపులో మెలిపెడుతుంది. దిగాలంటే రెండొందల నలభై మెట్లు. కొక్కేనికి ఇనుము వేలాడుతుంటే వదిలేసి ఎలా దిగను? పళ్ళు బిగబట్టి కూర్చుంటాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి!"

"అనుమానం ఎవరి మీద?"

"డబ్బా సర్దేది మా ఆవిడ, తాడుకు కట్టేది దాని తమ్ముడు. వాడి కన్నంతా నా సీటు మీదే. ఆదివారం అందరితో కలిసి అన్నం తింటే ఏమీ కాదు, అది గమనించండి. మీరు రుజువు చూపించండి చాలు, ఇద్దరినీ జైల్లో పెట్టిస్తాను."

"డాక్టర్లేమన్నారు?"

"రక్తం, స్కానింగు, గొట్టం పెట్టి చూడటం, గోధుమ పడని జబ్బు పరీక్షతో సహా అన్నీ చేశారు. ఏమీ లేదు పొమ్మన్నారు."

"ఇదంతా మొదలవడానికి ముందు ఏమైనా జరిగిందా?"

"సైటులో నీళ్ళ ట్యాంకు పాడై పన్నెండుమందిమి వాంతులు, విరేచనాలతో పడ్డాం. ఆ వారమంతా బ్రెడ్డు ముక్కలతోనే బతికాను. అందరికీ తగ్గింది, నాకే ఇది పట్టుకుంది."

"ఇంటి డబ్బా మానేసి చూశావా బాబూ?"

"ఓ వారం బేకరీలో బ్రెడ్డు కొని, దాన్నే తాడుకు కట్టించుకున్నాను. అయినా నొప్పి వచ్చింది! అంటే పెళ్ళాం కాదు, బామ్మర్దే కలుపుతున్నట్టు కదా?"

మాస్టారు గట్టిగా తలూపారు. ఆరాలమ్మ ఊపలేదు.

మర్నాటి నుంచి డబ్బా ఆవిడే పంపింది, బయట తాళం వేసి. తాళంచెవి ఆపరేటర్ మెళ్ళోనే ఉంది. లోపల బ్రెడ్డూ గుడ్డూ. మూడోరోజు ఫోన్ మోగింది. "నొప్పి తగ్గలేదు! అయితే మీరూ వాళ్ళతో కలిసిపోయారన్నమాట!"

"బాగుంది వరస!" అని మాస్టారు నోరు తెరిచారు. ఆరాలమ్మ మాత్రం నవ్వి, మరో వారం ఓపిక పట్టమంది. ఆ వారం తాళం డబ్బాలో అన్నమూ గుడ్డూ వెళ్ళాయి. ఏడు రోజుల్లో నొప్పి ఒక్కసారే వచ్చింది.

ఆదివారం ఉదయం ఆపరేటర్ ఇంటి ముందుగదిలో అందరినీ పోగుచేసింది ఆరాలమ్మ. భార్య తలుపును ఆనుకుని నిలబడింది. తమ్ముడు కిటికీ దగ్గర చేతులు కట్టుకున్నాడు.

"రెండో వారం అన్నం నేను వండానని చెప్పాను. అబద్ధం. వండింది మీ ఆవిడ, తాళం వేసింది మీ బామ్మర్ది. నాకు వంటంటే ఒళ్ళు మంట."

ఆపరేటర్ ముఖం పాలిపోయింది.

"విషం పెడతారన్నవాళ్ళ చేతి తిండి పడింది. నా చేతి బ్రెడ్డు పడలేదు, బేకరీ బ్రెడ్డూ పడలేదు. చేతులు మారినా మారనిది బ్రెడ్డొకటే. కడుపు డాక్టరుగారి దగ్గర రెండు గంటలు కూర్చుని అడిగాను. పేగు గోడలో కాపలా కణాలుంటాయి, మాస్ట్ కణాలంటారు. ట్యాంకు నీళ్ళ క్రిములు జొరబడ్డప్పుడు అక్కడ బ్రెడ్డు కూడా ఉంది. దొంగతో పాటు పక్కవాణ్నీ దొంగేనని గుర్తుపెట్టుకున్నాయి. క్రిములు పోయినా, బ్రెడ్డు కనపడితే చాలు, హిస్టమిన్ అనే రసాయనం వదులుతున్నాయి. దాంతో నరాలు రేగి గోరంత కదలికను కొండంత నొప్పి చేస్తాయి."

"రక్తంలో తెలియలేదేం?" అన్నారు మాస్టారు.

"ఆ గొడవంతా పేగు గోడలోనే. మామూలు పరీక్షకు చిక్కదు. అందరికీ ఇదే కారణం కాదట గానీ, ఇతనికి ఇదేనని డాక్టరుగారి అంచనా. ఐబీఎస్, అంటే పేగు ఊరికే రేగిపోయే జబ్బు, అన్నారు. మందులున్నాయి."

"మరి బాత్రూమ్‌కి ఆ పరుగు?"

"సెరటోనిన్ మెదడు సరుకనుకుంటాం గానీ మాస్టారూ, ఒంట్లో ఎక్కువ భాగం తయారయ్యేది పేగులోనే. అది ఎక్కువైతే పేగు పరుగందుకుంటుంది. పైన దిగలేనన్న భయం దాన్ని ఇంకా తరుముతుంది. అన్నం తిన్నా ఒకరోజు నొప్పి అందుకే వచ్చుంటుంది."

తమ్ముడు ఆగలేకపోయాడు. "బావా, నీ సీటు నాకెందుకు? స్టూలెక్కితేనే కళ్ళు తిరిగే మనిషిని నేను!"

ఆపరేటర్ గుండెల నిండా గాలి పీల్చి పకపకా నవ్వాడు. బతికిపోయినవాడి నవ్వు అది. "అయితే ఎవరూ ఏమీ పెట్టలేదన్నమాట! ఇంక గొడవే లేదు. వీళ్ళకి టీ పెట్టవే."

భార్య కదలలేదు.

"మూడు నెలలుగా రోజూ పొద్దున్నే మొదటి ముక్క నా చేత తినిపించారు. పది నిమిషాలు గడియారం చూస్తూ నిలబడేవారు, నేను పడిపోతానేమోనని. పిల్లల ఎదురుగా. మీరు ఒంటిగంటకైనా దిగేవారు. నేనెక్కడికి దిగను?"

ఆపరేటర్ నవ్వు ఆగిపోయింది. "జబ్బు వల్ల అలా..."

"మీ పేగుకి కళ్ళు లేవు, పొరబడింది. మీకున్నాయి కదా!"

ఆమె లోపలికెళ్ళి చేతిసంచితో వచ్చింది. పిల్లలు అప్పటికే చెప్పులేసుకుని ఉన్నారు. తమ్ముడు సంచి అందుకున్నాడు.

"ఎప్పుడొస్తావు?" అన్నాడు ఆపరేటర్, వెళ్ళొద్దనడానికి నోరు రాక.

"తెలీదు. కొన్నాళ్ళు నేను తింటుంటే ఎవరూ చూడని ఇల్లు కావాలి నాకు."

మాస్టారు తట్టుకోలేక గొణిగారు. "మీరొక మాట సర్దిచెప్పండమ్మా."

"దోషిని పట్టివ్వడమే మన పని మాస్టారూ," అంది ఆరాలమ్మ లేస్తూ. "పట్టిచ్చాం."