శుక్రవారం బొట్టు

"ఇంత చిన్న పెట్టె నా పని చేస్తుందా?" చంద్రావతి నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"మీ పని ఏందండీ?" అన్నాడు శివప్రకాశం. తిరువళ్ళూరు టీవీ అంగడి నుంచి రైల్లో వచ్చాడు. వానకు చొక్కా తడిసి ముద్దయింది.

"పరుగెత్తేది!"

నిజమే. వీడియో డెక్కు ముందు హాల్లో, చంద్రావతి నాయన ఏళుమలై మగ్గమేమో వెనక గదిలో. పాటల క్యాసెట్ మోగితేగాని ఆయనకు చెయ్యి ఆడదు. రిమోట్ చేతిలోనే ఉంటుంది, గోడ దాటి పనిచెయ్యదు. "చంద్రా, ఆపు! చంద్రా, వెనక్కి తిప్పు!" అని ఒకటే కేకలు. నిజానికి ఆ ఇంటి రిమోట్ చంద్రావతే.

శివప్రకాశం గాజు కన్నున్న నల్ల పెట్టెను మగ్గం పక్క గోడకు బిగించాడు. దాన్నుంచి తీగ లాగి, చివరనున్న చిన్న బల్బును డెక్కు ముందు అంటించాడు.

"రిమోట్ వెలుగు మనకు కనబడదు. ఈ కన్ను దాన్ని పట్టి, తీగలో హాల్లోకి పంపిస్తుంది."

ఏళుమలై మగ్గం గుంటలోంచే మీట నొక్కాడు. హాల్లో పాట మొదలైంది.

"రొంబ బాగుండాదబ్బా!" అన్నాడు.

చంద్రావతికి తీరిక దొరికింది. ఆ తీరికంతా తడిసిన చొక్కాను తలుచుకోవడానికే సరిపోయింది.

ఆయుధపూజ మరునాడే పెట్టె పనిచెయ్యడం లేదని కబురు. శివప్రకాశం వచ్చేసరికి ఏళుమలై నేసిన లుంగీలు అమ్మడానికి బజారుకు పోయాడు. మగ్గానికి, అందులో నూలు పరుగెత్తించే నాడెకు పెట్టినట్టే గాజు కన్నుకూ గంధం, కుంకుమ దట్టంగా పెట్టి ఉన్నాయి.

"ఇట్ల మూసేస్తే అదెట్ల చూస్తుందండీ?"

"పనిముట్టుకు బొట్టు పెట్టకుండా ఎట్ల? మీ ఊళ్ళో పెట్టరా?"

"పెడతారు. నొసట పెడతారు, కంట్లో పెట్టరు."

చంద్రావతి పకపకా నవ్వింది. ఆ నవ్వుకు అతని రైలు తప్పిపోయింది.

తర్వాతి శుక్రవారం మళ్ళీ కబురు, మళ్ళీ బొట్టు.

"ఈపొద్దు ఏం పూజ?" గుసగుసగా అడిగాడు.

"శుక్రవారం గదా," అంది నేల చూపులు చూస్తూ.

శివప్రకాశానికి అర్థమైంది. గంధం తుడిచి, నవ్వు దాచుకుని పోయాడు. ఇంట్లో అన్నిటికీ బొట్టుంటుంది గనక ఏళుమలైకి దాని మీద అనుమానమే రాలేదు.

ఆ పై శుక్రవారం మాత్రం ఆయనకు ఒళ్ళు మండింది.

"వారవారం చెడిపోయే పెట్టె నాకొద్దు. పీక్కోని పో! మళ్ళా నా గడప తొక్కద్దు!"

నిజం చెబితే శివప్రకాశం పరువు నిలుస్తుంది. చెప్పలేదు. "తప్పు నాదేనయ్యా," అని తీగ ఊడదియ్యసాగాడు.

చంద్రావతి గబగబా మగ్గం దగ్గరికి వచ్చింది. పెట్టెతో పాటు మనిషీ పోతాడు!

"నాయనా, పెట్టె మంచిదే! నేనే దానికి బొట్టు పెట్టి మూస్తా ఉండా."

"ఎందుకే?"

"పెట్టకపోతే ఈయన రాడు గదా!"

మగ్గం ఆగింది. శివప్రకాశం చేతిలోని స్క్రూడ్రైవర్ జారి గుంటలో పడింది. ఏళుమలై దాన్ని తీసి, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అతని చేతికిచ్చాడు.

"తీగ బిగించి పో," అన్నాడు. అంతే.

వారమంతా చంద్రావతికి అన్నం సహించలేదు.

శుక్రవారం పొద్దున ఏళుమలై తానే గంధం గిన్నె తెచ్చి, గాజు కన్ను మీద ఇంత బొట్టు అద్దాడు. తిరువళ్ళూరు రైలెక్కబోతున్న పక్కింటాయన్ను పిలిచాడు.

"టీవీ అంగడి పిల్లోడికి చెప్పు. పెట్టె మళ్ళా చెడింది. ఈ తూరి వాళ్ళమ్మానాయన్ను గూడా పిల్చకరమ్మను. ఈ రిపేరు వాడొక్కడితో అయ్యేది కాదు."