పాత షెడ్డులో రాత్రి పని

మా ఫ్యాక్టరీ వెనుకనున్న పాత షెడ్డుకు మంచి పేరు లేదు. పూర్వం ఒక ఫోర్‌మన్ అక్కడ లేత్ మిషన్ తిప్పుతూనే కన్నుమూశాడు. సెలవు పెట్టకుండా పోయాడు కనుక ఇంకా డ్యూటీలోనే ఉన్నాడని కార్మికులు అనేవారు.

తాళం వేసిన షెడ్డులో రాత్రివేళ మిషన్ తిరిగేది. తెల్లవారేసరికి ఇనుపరజను ఊడ్చి, మిషన్‌కు నూనె పెట్టి ఉండేది. మాలో బతికున్నవాడెవడూ అంత శుభ్రంగా పనిచేయడు. కనుక అది దెయ్యమేనని అందరమూ నమ్మాము.

తరువాతి సంగతి కాపలాదారు నోట విన్నది.

అతనికి ఆ నెలతో ఉద్యోగం సరి. పొడిగింపు అడిగితే మేనేజర్ తల ఎత్తకుండానే అన్నాడట: "ఆ చప్పుడేమిటో తేల్చు. తేలిస్తే ఇంకో ఏడాది ఉండు. లేదా ఇంటికి పోయి మనవల్ని ఆడించుకో."

ఆ రాత్రి వెళ్లాడు. లోపల మిషన్ తిరుగుతోంది. తాళం తీశాడు — చప్పుడు ఆగింది. చీకట్లో ఎవరో ఊపిరి బిగబట్టినట్టు... టార్చి వేశాడు. తెల్లని జుట్టు... నల్లని చేతులు...

"కంట్లో కొట్టకురా," అంది దెయ్యం.

నిరుడు రిటైరైన టర్నర్, ఆ లేత్ మీదే పనిచేసినవాడు.

"అన్నయ్యా, నువ్వా? పెన్షన్ చాలడం లేదా?"

"పెన్షన్ చాలుతోంది. ఇల్లే చాలడం లేదు. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తుల వారీగా సర్దాను. మీ వదిన నన్ను గుమ్మం బయట సర్దింది."

"లోపలికెలా వచ్చావు?"

"వెనక ఊడిన రేకు బిగించమని సర్వీసంతా మొత్తుకున్నాను. ఎవడూ బిగించలేదు. మంచిదైంది." గొంతు తగ్గించాడు. "చెప్పేస్తావా?"

"చెబితే నాకో ఏడాది."

"నీకెందుకురా ఈ కాపలా? కొడుకు బాగానే చూస్తున్నాడుగా."

"చూస్తున్నాడు. నేను మాట్లాడితే టీవీ గొంతు పెంచుతాడు. ఇక్కడ నన్ను చూసి కుక్కైనా లేచి నిలబడుతుంది."

టర్నర్ గుడ్డ తీసుకున్నాడు. మిషన్ తుడవసాగాడు... మళ్లీ తుడిచే అవకాశం రాదన్నట్టు.

ఉదయం మేనేజర్ ఎదుట నిలబడి, "దెయ్యమేనండి," అన్నాడు కాపలాదారు. ఏడాది పోయిందనుకున్నాడు.

మేనేజర్ లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఒక్కటేనా?"

"ఒక్కటేనండి."

"ఇంకోదానికి... చోటుంటుందా? వచ్చే నెలతో నాకూ సరి."

"మరి నా పొడిగింపు?"

"ఇచ్చాను. తాళం తీసే మనిషుండాలి కదయ్యా. మొన్న రాత్రి ఆ రేకు సందులో దూరబోయాను... పొట్ట పట్టలేదు."