రామన్న తండ్రి పేరు

"చదివేది మీ తాత అనుకున్న. మీరా?"

వెంకట సాయి తన అపనమ్మకాన్ని దాచుకోలేదు. సంగారెడ్డి రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట, నీలం టార్పాలిన్ కింద వేసిన బల్ల దగ్గర నిలబడ్డాడు. టార్పాలిన్ అంచు నుంచి వాన నీళ్ళు కారి అతని భుజం తడిసిపోతోంది.

బల్ల వెనకున్న అమ్మాయి తలెత్తింది. "తాతకు కండ్లు మసకవడ్డయి. ఆయన కాడ నేనే నేర్చుకున్న. నమ్మకం లేకుంటే ఫోన్‌కు చూపియ్యుండ్రి. ఈ చేతిరాత చూసి అది కూడా ఏడుస్తది."

ఆమె పేరు నాగవల్లి. తాత చిన్నరాములు చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్నవాడు. ఈ ప్రాంతంలో పాత భూముల కాగితాలన్నీ ఉర్దూలోనే ఉంటాయి. వాటిని చదివి తెలుగులో రాసిచ్చే పని మీదే ఆ ఇల్లు నడిచింది. ఇప్పుడాయన పక్కన కుర్చీలో కూర్చుని, మనవరాలు చదువుతుంటే వింటాడు.

"ఏ ఊరి భూమి? కేసు నడుస్తున్నదా?"

"కేసు లేదు. భూమి కూడా వద్దు. మా తాత రామన్న నాయిన పేరు కావాలె. పేరొక్కటే."

రాయబోతున్న నాగవల్లి చెయ్యి ఆగింది. ఎకరాలు అడగని మనిషి ఆ బల్ల దగ్గరికి రావడం అదే మొదలు.

వెంకట సాయి తండ్రి మల్లేష్ చనిపోయి ఏడాది కావస్తోంది. పటాన్‌చెరులో కొలిమి దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేసి, ఊపిరితిత్తులు పాడై పోయాడు. ప్రతి పెత్రమాసకూ పెద్దల పేరున బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు మూడు తరాల పేర్లు అడుగుతారు. మల్లేష్ "రామన్న" అని చెప్పి తల దించుకునేవాడు. అతనికి మూడేళ్ళప్పుడే రామన్న పోయాడు. తల్లి పిల్లాణ్ణి తీసుకుని సుల్తాన్‌పూర్ వదిలి పుట్టింటికి వెళ్ళిపోయింది, కొన్నేళ్ళకు ఆమె కూడా పోయింది. ఆ పైన చెప్పేవాళ్ళు లేరు.

"సంగారెడ్డి ఆఫీసుల మీ తాత నాయిన పేరు ఉంటది, జెర అడిగి రా బిడ్డా" అని మల్లేష్ కొడుకును మూడుసార్లు అడిగాడు. "ఆదివారం పోత బాపూ" అనేవాడు సాయి. ఆదివారం ఆఫీసు ఉండదని ఇద్దరికీ తెలుసు.

ఆ సంగతీ ఆమెకు చెప్పాడు. నాగవల్లి కుర్చీ ఇటు లాగి, "తడుస్తున్నరు, లోపలికి జరుగుండ్రి" అంది.

ఆ తర్వాత ప్రతి శనివారం సాయి పటాన్‌చెరు కంపెనీలో ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చేవాడు. సర్వే నంబరు తెలియదు. నకళ్ళ కోసం దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టారు.

"సుల్తాన్‌పూర్‌ల ఐదుగురు రామన్నలు దొర్కిండ్రు. ఏ రామన్న కావాలె?"

"నా పోలికలున్నోడు."

"ఫోటోలు లేవు. ముక్కు మీద కోపం అని ఎక్కడన్న రాసుంటే మీ తాతే."

చాలా నెలల తర్వాత సాయి నవ్వాడు. నవ్వినందుకు వెంటనే తప్పు చేసినట్టు మొహం పెట్టాడు. ఆ మొహం నాగవల్లికి ఇంటికి పోయాక కూడా గుర్తొచ్చింది. ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరికీ తెలియదు. అతను కవర్లో చాయ్ కట్టించుకొచ్చేవాడు. మూడు గ్లాసుల్లో తాతది ముందు పోసేది ఆమె.

ఐదుగురిలో నలుగురు కాదని తేలాక, శ్రావణం చివర్లో ఐదో రామన్న నకలు వచ్చింది. డెబ్బై ఏళ్ళ నాటి పహాణీ, ఎవరి పొలం ఎవరి చేతిలో ఉందో ఊరంతా రాసిన పుస్తకంలోని పేజీ.

నాగవల్లి వేలు వరస వెంట కదిలింది. రామన్న. రెండెకరాలు. తండ్రి పేరు గడిలో ఒక్క మాట: నామాలూమ్. తెలియదు అని. దాని పక్కన చిన్న అక్షరాలు: వజీరా బీ పెంచినవాడు.

"చెప్పు వల్లీ." సాయి బల్ల అంచు పట్టుకున్నాడు. "బాపు ఉండంగ రావాల్సింది నేను. చెప్పు, ఏం పేరు?"

ఆమె అతని మొహం చూసింది. కాగితం చూసింది.

"నర్సయ్య" అంది.

సాయి పక్కకు తిరిగి తల్లికి ఫోన్ చేశాడు. "అమ్మా, దొరికింది. ముత్తాత నర్సయ్య అట" అంటూ, రోడ్డు మీద జనం చూస్తుండగానే ఏడ్చేశాడు.

"మంచి పేరు" అన్నాడు చిన్నరాములు కుర్చీలోంచి. నాగవల్లి కాగితం మడిచి పెట్టేసింది.

పెత్రమాస దగ్గరపడింది. ఓ శనివారం సాయి చాయ్ గ్లాసు తిప్పుతూ అన్నాడు. "పెత్రమాస అయినంక అమ్మను తోల్కొస్త. మీ తాతతోని మాట్లాడుతది. నీకు…"

"వానొస్తున్నది, నువ్వు పో" అందామె. సిగ్గనుకుని అతను సంతోషంగా వెళ్ళాడు.

పెత్రమాసకు రెండు రోజుల ముందు, షిఫ్ట్ వదిలే వేళకు, నాగవల్లి పటాన్‌చెరులో అతని కంపెనీ గేటు దగ్గర నిలబడింది. గొడుగు ఉంది కానీ గాలికి నిలవడం లేదు. లారీలు బురద చిమ్ముతున్నాయి. గాలిలో ఎప్పుడూ ఉండే రసాయనాల వాసన వానకు ఇంకా ఘాటుగా ఉంది.

"నువ్వేంది ఇక్కడ?" సాయి పరుగెత్తుకొచ్చాడు.

"ఆ పేరు కాగితంల లేదు. నేను కల్పించిన."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"తండ్రి పేరు తెల్వదని రాసున్నది సాయీ. వజీరా బీ పెంచిందని ఉన్నది. అంతే. నీ మొఖం చూడలేక…"

"మా బాపు పేరు పక్కన అబద్ధం చెప్పిచ్చేదానివి. జాలి పడ్డవా నా మీద?"

"జాలి కాదు."

"మరేంది?"

ఆమె సరిగ్గా రాసి తెచ్చిన కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి అతని చేతికిచ్చింది. సాయి బండెక్కి వెనక్కి చూడకుండా పోయాడు.

మరునాడు సెలవు పెట్టి ఒక్కడే సుల్తాన్‌పూర్ వెళ్ళాడు. వజీరా బీ అని అడిగితే చివరికి ఒక కిరాణా దుకాణం చూపించారు. అక్కడ ఫజలుద్దీన్ అనే ముసలాయన బెల్లం తూస్తున్నాడు. సాయి తనెవరో చెప్పాడు.

"వజీరా బీ మా దాదీ. రామన్న మనుమనివా నువ్వు?" ఆయన తరాజు వదిలేసి సాయి గడ్డం పట్టుకుని చూశాడు. "నన్ను భుజం మీద మోసిండు రామన్న చిచ్చా. ఇన్నేండ్లకు వచ్చినవా?"

ఆయన తన నాయనమ్మ చెప్పగా విన్నది చెప్పాడు. కలరా వచ్చిన ఏడు, ఎక్కడినుంచో రోడ్డు పనికి వచ్చిన కూలీలు గుడిసెల్లోనే పోయారు. నాలుగేళ్ళ పిల్లవాడొక్కడు మిగిలాడు.

"నీ పేరేంది అంటే రామన్న అన్నడట. మీ నాయిన పేరేంది అంటే 'నాయిన' అన్నడట. ఎన్నిసార్లు అడిగినా గదే మాట."

సాయి దుకాణం మెట్టు మీద కూలబడ్డాడు.

"పేరు మార్చమన్నరట జనం. దాదీ ఒప్పుకోలే. పేరు మారిస్తే, రేపు వాళ్ళోళ్ళు వెతుక్కుంట వస్తే ఎట్ల గుర్తువడ్తరు అన్నదట. ఎవ్వరూ రాలే బేటా. దాదీనే పెంచి, రెండెకరాలు రాయించి, మీ మతంల పిల్లను చూసి పెండ్లి చేసింది."

ఊరి పక్కన ఒక కంపెనీ ప్రహరీ గోడ వెనక ఉన్న కబరస్తాన్‌కు తీసుకెళ్ళాడు ఫజలుద్దీన్. వజీరా బీది రాయి లేని సమాధి. సాయి చెప్పులు విప్పి వానలో చాలాసేపు నిలబడ్డాడు.

పెత్రమాస నాడు బీరంగూడ గుడి దగ్గర అయ్యగారు అడిగారు. "తండ్రి?" "మల్లేష్." "తాత?" "రామన్న." "ముత్తాత?"

"తెల్వదు అయ్యగారూ. తాతను పెంచిన తల్లి వజీరా బీ."

అయ్యగారు బియ్యం పళ్ళెం ముందుకు జరిపారు. "పేరు తెలియనివాళ్ళకూ చెల్లుతుంది నాయనా. పెంచినవాళ్ళకూ చెల్లుతుంది. ఇయ్యి." పక్కన తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

రెండు రోజుల తర్వాత సాయి సంగారెడ్డి వెళ్ళాడు. బల్ల వెనక చిన్నరాములు భూతద్దం పట్టుకుని కాగితంతో అవస్థ పడుతున్నాడు. నాగవల్లి దూరంగా, ఖాళీ చేతులతో కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అంత చెప్పింది నాకు" అన్నాడు ముసలాయన. "లేని అక్షరం చదివిన మనిషి ఈ బల్ల కాడ కూసోవద్దన్న."

"అబద్ధమే చెప్పింది పెద్దయ్యా. కానీ ఇంకో రెండు రోజులు చెప్పకుండ ఉంటే పెత్రమాస అయిపోవు, నాకు ఎన్నడూ తెల్వకపోవు. గేటు దాక వచ్చి తనే చెప్పింది. వజీరా బీ పేరు నాకిచ్చింది ఆమెనే." తర్వాత సుల్తాన్‌పూర్‌లో విన్నదంతా చెప్పాడు. "నాయిన" అన్న మాట దగ్గర చిన్నరాములు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. కాసేపటికి భూతద్దం మనవరాలి వైపు నెట్టాడు.

వాన టార్పాలిన్ మీద దబదబా కురుస్తోంది. సాయి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"జాలి కాకుంటే మరేంది అని అడిగిన. నువ్వు చెప్పలే."

"నీకు తెల్వదా?"

"నీ నోట వినాలె. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పు."

నాగవల్లి తల వంచుకుని ఏదో అంది. సాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

"ఏందే?" అన్నాడు చిన్నరాములు, చెవి ఇటు పెట్టి. "జెర గట్టిగ చెప్పు. వాళ్ళమ్మ వచ్చి అడిగితే నేనేమని చెప్పాలె?"

"ఇష్టమని చెప్పు తాతా" అంది నాగవల్లి.