అనూహ్య పాములకు కొత్త ఇల్లు

"గిదేం డిజైను మేడం? చెప్పుల స్టాండా?"

గిరి చేతిలోని కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బయట వాన దంచుతోంది. హాలియాలో సాగర్ రోడ్డు మీద కిరాయికి తీసుకున్న ఆ షెడ్డులో అతను అలమారలు, వంటింటి కబోర్డులు చేస్తాడు. గుమ్మంలో తడిసిన చున్నీ పిండుకుంటున్న అమ్మాయి అనూహ్య. ఆ ఊరి పిల్లే. పశువుల దవాఖానలో డాక్టరు.

"చెప్పులకు కాదన్నా. నాలుగు అరలు కావాలె. ఒక్కో అరల ఒక్కో ప్లాస్టిక్ డబ్బా డ్రాయరు లెక్క జరగాలె. డబ్బాకు మూత ఉండది. పైనున్న చెక్కనే మూత. రెండిటి నడుమ అగరుబత్తి పుల్ల గూడ దూరొద్దు."

"కోడిపిల్లలకా?"

"కాదు. నలుగురుంటరు. మస్తు నెమ్మదస్తులు. అరవరు, కొట్లాడరు. ఎనక దిక్కు జర వెచ్చగుంటే చాలు."

"కుందేళ్లా?"

అనూహ్య నవ్వింది. అవుననలేదు, కాదనలేదు. ఆ నవ్వు చూశాక గిరి మళ్లీ అడగడం మరిచిపోయాడు.

వారం తిరగకముందే ర్యాకును ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ఆమె ఇంటికి వెళ్లాడు. అరుగు మీద కూర్చున్న అవ్వ, బిక్షమ్మ, లోపలికి కేకేసింది.

"అనూ, నీ పాముల పెట్టె వచ్చిందే!"

గిరి చేయి ర్యాకు మీదే ఆగిపోయింది. "పాములా?"

"విషం లేనివే," అంది అనూహ్య బయటికి వస్తూ.

"కుందేళ్లంటిరి గదా!"

"నువ్వన్నవు. నేను నవ్విన, గంతే."

"ముందుగాల్నే చెప్పొద్దా?"

"పాములకని చెప్తే ఎవరూ చెయ్యలే. నువ్వు చేస్తుంటివా?"

గిరి తల గోక్కున్నాడు. "చెయ్యకపోదును," అన్నాడు నిజాయితీగా. ఈసారి ఇద్దరూ నవ్వారు.

ఆమె పట్నంలో చదువుకునేటప్పుడు ఎవరో నాలుగు పెంపుడు పాములను జబ్బు చేసిందని కాలేజీ క్లినిక్‌లో వదిలి, మళ్లీ రాలేదు. విదేశీ జాతి. వాటికి మందు వేసి బతికించింది అనూహ్యే. అటవీ శాఖలో నమోదు చేయించి ఇంటికి తెచ్చుకుంది. భయపడినప్పుడు బంతిలా చుట్టుకునేదానికి ముద్ద అని పేరు పెట్టింది. నారింజ రంగున్న సన్నటి పాము పేరు గోరింట.

ఆ గోరింటతోనే వచ్చింది తంటా. మొన్నామధ్య గాజు పెట్టెలోంచి జారి, అవ్వ చీరల నడుమ చుట్టుకుని పడుకుంది. అవ్వ అరిచిన అరుపుకు వీధంతా వచ్చింది. అనూహ్య తండ్రి అమరేందర్ సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే రైతు. ఆయన కోపంగా ఏమీ అనలేదు. నింపాదిగా ఒక్కటే చెప్పాడు.

"రేపు కాలువకట్ట నుంచి నాగుబాము ఇంట్లకొస్తది. మనుమరాలి పామే గదా అని మీ అవ్వ చెయ్యి పెడ్తది. అప్పుడేం చేస్తవు బిడ్డా? ఇంకొక్కసారి ఒక్కటి బయటికొచ్చినా నాలుగూ పోవాలె."

అందులో తప్పు పట్టడానికి అనూహ్యకు ఏమీ కనిపించలేదు. అందుకే ఆ ర్యాకు.

"ఇప్పుడే పాముల్ని పెట్టం," అంది. "ముందు ఖాళీ డబ్బాలతోనే చూడాలె. మంచిగుందనిపిస్తేనే వాళ్లొస్తరు."

వెనక అంచున వేడినిచ్చే పట్టీ అతికించారు. దాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ బిగించారు. ప్రతి డబ్బాలో ఒక థర్మామీటరు పెట్టారు. వెనక వెచ్చగా, ముందు చల్లగా ఉండాలి. పాముకు ఏది నచ్చితే అక్కడ పడుకుంటుంది.

మొదటి సాయంత్రమే తేడా కనిపించింది. పై అర ఉడుకుతోంది, కింది అర చల్లగా ఉంది. గిరి మర్నాడు థర్మాకోల్ షీట్లు తెచ్చి అడుగున పరిచాడు. థర్మోస్టాట్ తీగను పై అరకు మార్చాడు. ఆ మర్నాడు సరిచూడడానికి వచ్చాడు. ఆ తర్వాత సరిచూసినదాన్ని సరిచూడడానికి వచ్చాడు.

ఈ రాకపోకల్లో 'అన్నా' అనే మాట ఎప్పుడు జారిపోయిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు. కొన్నాళ్లు ఏ పిలుపూ లేకుండా నడిచింది. ఒకరోజు "గిరీ, గా స్క్రూడ్రైవరియ్యి," అందామె. గిరి సుత్తి అందించాడు.

"గిది సుత్తి."

"ఎర్కే," అన్నాడు గిరి. మొహం ఎర్రబడింది.

అమరేందర్ స్వయంగా పరీక్షించడానికి కూర్చున్నాడు. అగరుబత్తి పుల్ల తీసుకుని ఒక్కో డబ్బా చుట్టూ, ప్రతి మూలా పొడిచి చూశాడు. ఎక్కడా దూరలేదు. లేచి, "మంచిగ చేసినవ్," అని వెళ్లిపోయాడు. పాములు కొత్త ఇంట్లోకి వచ్చాయి.

"ఒక్కసారి ముట్టుకో," అంది అనూహ్య, గోరింటను చేతికి చుట్టుకుని.

"వద్దు."

"ఫికర్ లేదు, నేనున్న గద."

గిరి కళ్లు మూసుకుని ఒక వేలు పెట్టాడు. జిగటగా ఉంటుందనుకున్నాడు. కొత్త తోలు బెల్టులా పొడిగా, నున్నగా ఉంది. కళ్లు తెరిస్తే అనూహ్య పామును కాదు, అతన్నే చూస్తోంది. గిరి పెట్టిన వేలు పెట్టినట్టే ఉంచాడు.

ఇక రావడానికి సాకు లేదు. పని అయిపోయింది. వాన మాత్రం ఆగలేదు. ముసురు పట్టి ఇళ్ల గోడలు చెమ్మగిల్లాయి. షెడ్డులో కొత్త పలకలు కోస్తుంటే, వానకు ఉబ్బిన పాత పలక ఒకటి గిరి కంటపడింది. అనూహ్య ర్యాకులో వేడి పట్టీ కోసం తాను గాడి తీసిన చోట, చెమ్మ పట్టకుండా అంచులకు లప్పం పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. పని అక్కడే వదిలేసి బండెక్కాడు.

అనూహ్య ఇంట్లో లేదు. బర్రె ఈనలేక అవస్థ పడుతోందని పక్క ఊరు వెళ్లింది. అవ్వ పాముల గది చూపించింది. గిరి అగరుబత్తి పుల్ల తీసి మొదటి అరకు ఆనించాడు. దూరలేదు. రెండో అరకు పెట్టాడు. నడిమధ్యన పుల్ల సాఫీగా లోపలికి పోయింది. చెక్క పైకి వంగి వేలెడు సందు ఏర్పడింది.

ఆ సందులోంచి నారింజ రంగు మూతి బయటికి వచ్చింది.

గిరి ఆలోచించలేదు. అరచేయి అడ్డం పెట్టాడు. గోరింట నాలుక వేళ్ల నడుమ తగిలింది. చేయి కదపలేదు.

బయట అరుగు మీద అమరేందర్ ఉన్నాడు. పిలవకుండా మెల్లగా డబ్బా నెట్టి, ఏ మేకో కొట్టి వెళ్లిపోవచ్చు. ఎవరికీ తెలియదు. పిలిస్తే నాలుగు పాములూ ఇల్లు దాటుతాయి, ఆమె మొహం తాను మళ్లీ చూడలేడు. కానీ పక్క గదిలో అవ్వ మంచం కనిపిస్తూనే ఉంది.

"సార్! జర లోపటికి రారి!"

అమరేందర్ వచ్చి చూశాడు. వెంటనే తానూ కింద కూర్చుని మిగిలిన సందు మీద చేయి వేశాడు.

"నా తప్పే సార్. అంచులకు లప్పం పెట్టలే. చెమ్మ పట్టి చెక్క వంగింది. డాక్టరమ్మ తప్పేం లేదు."

"నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకపోయేది."

"అవ్వ పక్క గదిల పండుకుంటది గద సార్."

అమరేందర్ అతని మొహంలోకి తేరిపార చూశాడు.

అనూహ్య వానలో తడిసి వచ్చేసరికి, తండ్రి, గిరి నేల మీద పక్కపక్కన కూర్చుని, ఒకే డబ్బా మీద చేతులు పెట్టి ఉన్నారు. సంగతి అర్థమై ఆమె మొహం పాలిపోయింది. గోరింటను మెల్లగా తీసి గుడ్డసంచిలో వేసి, ముడి వేసింది.

"బాపూ..." అంది.

"బయటికొస్తె పోవాలన్న," అన్నాడు అమరేందర్ లేస్తూ. "రాలే గద. మూతి బయటపెడ్తె వచ్చినట్టు కాదు. ఏం గిరి, మల్ల చేస్తవా?"

"చెక్క లేకుంట చేస్త సార్. వానకు వంగని పీవీసీ బోర్డు పెట్టి చేస్త."

ఈసారి పరీక్ష ఎక్కువ రోజులు నడిచింది. గిరి నీళ్లు చల్లాడు, వేడి పెంచాడు, తగ్గించాడు, ప్రతి పూటా పుల్లతో పొడిచాడు. ఎక్కడా దూరలేదు. చివరి సాయంత్రం ముద్దను డబ్బాలో పెడుతూ అనూహ్య అడిగింది.

"నువ్వు పాములకు పెట్టె చేస్తున్నవని మీ ఇంట్ల ఎర్కేనా?"

"మా అమ్మకు చెప్పిన."

"ఏమన్నది?"

"కోడల్ని ఎప్పుడు తెస్తవురా అంటె పాముల ముచ్చట చెప్తవేంది అన్నది."

అనేశాక గానీ తానేమన్నాడో గిరికి తెలియలేదు. అనూహ్య డబ్బాను చప్పుడు కాకుండా లోపలికి జరిపింది.

"మరి నువ్వేమన్నవు?"

"ఏమన్లే. మాది గొర్ల కాపరి ఇల్లు. మీకు కాలువ కింద పొలం. నువ్వేమో డాక్టరువు. ఇష్టం మాత్రం మస్తుంది. మొదటి దినం నువ్వు నవ్వినకాడి నుంచి ఉన్నది. గది గూడ చెప్పకుంట పోతే నిద్ర పట్టదని చెప్తున్న."

ఆమె అతన్ని చూసింది. కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. "ఇంతసేపా చెప్పనీకి?" అంది.

అరుగు మీద నుంచి అవ్వ గొంతు వినబడింది. "అమరేందరూ, విన్నవా?"

"విన్న," అన్నాడు అమరేందర్ గుమ్మంలోకి వచ్చి. ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు. ఆయన కూతుర్ని చూశాడు. ఆమె తల దించుకోలేదు. ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"మీ నాయిన నంబరు చెప్పు గిరి. పెద్దమనుషులం మాట్లాడుకోవాలె."

గిరి తడబడుతూ నంబరు చెప్పాడు. అమరేందర్ నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఎవరో రాంగ్ నంబర్ అన్నారు.

"ఆఖర్ల ఏడు కాదు బాపూ, తొమ్మిది," అంది అనూహ్య.

గిరి ఆమె వైపు తిరిగాడు. అమరేందర్ కూడా తిరిగాడు.

"నీకెట్ల తెలుసు?"

అనూహ్య చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "పోయిన నెల గొర్లకు టీకాలేయనీకి గిరి ఆళ్ల ఊరికి పోయిన గద. అక్కడ... ఆళ్ల అమ్మ పెరుగు పోసి ఇచ్చింది. గిరి నాయిన నంబరు గూడ ఇచ్చింది. మల్ల రమ్మన్నది."

"మా అమ్మ నాతోని ఒక్క మాటనలే!" అన్నాడు గిరి. అరుగు మీద అవ్వ నవ్వు ఆగడం లేదు. అమరేందర్ తొమ్మిది నొక్కాడు. అవతల ఫోన్ ఎత్తారు.

"నమస్తే అన్నా, నేను హాలియా నుంచి అమరేందర్ మాట్లాడుతున్న," అన్నాడు. "మా బిడ్డ మీ ఇంట్ల పెరుగు తిన్నదట. మీరు మా ఇంటికెప్పుడొస్తరు?"